మ్రింగుడు కెమేరా: ఇంటివద్ద ప్రేగుల పరీక్ష

మన సంఘసభ్యులలో ననేకుల బిడ్డలు నేడు అమెరికా, ఇంగ్లండు మొదలగు దేశములయందున్నారు. అచ్చట ఒక యీడు వచ్చిన వారినందఱిని, రోగమున్నను లేకున్నను, పెద్దప్రేగును పరీక్ష చేయించుకొనుడని వైద్యులు హెచ్చరించుట వాడుక. అమెరికాలో 2021 మొదలుకొని యీ యీడు 45 ఏండ్లుగా నిర్ణయింపబడియున్నది; ఇంగ్లండులో నది 50 ఏండ్లు. ఆ బిడ్డలు టెలిఫోనులో "గొట్టము వేయు బాధ లేదు నాన్నగారూ, మాత్రవంటి కెమేరా వచ్చినది, మ్రింగి యింటివద్ద కూర్చున్న చాలును" అని చెప్పుచుండగా విని, అది నిజమేనా, మనకు దొరకునా, ఎంత సొమ్మగును అని మమ్మడుగుచున్న సభ్యులు పెక్కండ్రు గలరు. కావున ఎరువుల ధరలను గూర్చి యీ మాసమున వ్రాయదలచిన వ్యాసమును వెనుకకు త్రోసి, ఈ విషయమును దెలుపుచున్నాము.

ముందే యొక మాట చెప్పుట మంచిది. ఆ వస్తువు నిజమైనదే, గారడీ గాదు. ఇరువదియేండ్లకు పైగా హైదరాబాదులో మన తెలుగు డాక్టర్లును దానిని వాడుచున్నారు. కాని ఆకివీటి రైతునకు అది మొదటి మెట్టు కాదు. మూడవదో నాలుగవదో యగును. మొదటి మెట్టు కొన్ని వందల రూపాయలతో తీరునది. ఆ మెట్టెక్కక మనవారిలో పలువురు ప్రాణము మీదికి దెచ్చుకొనుచున్నారు.

మన చెఱువుల రైతు ప్రతిదినము ఉదయమున చెక్‌ట్రే పైకెత్తి, రొయ్యనొకదానిని వెలుతురునకు బట్టి చూచును. దాని వీపువెంట ప్రేగుగీత మేతరంగున నిండుగా గనబడినచో తృప్తిపడును. గీత తెగియున్నను, తెల్లబాఱినను, నీటిపై తెల్లని మలపు దారములు తేలినను, ఆ పూటయే మేత తగ్గించి లాబునకు పరుగెత్తును. రొయ్య దేహము అద్దమువంటిదిగాన ఈ పరీక్ష సులభము. ఐతే అదే రైతు తన మలమున నెత్తురు చాఱ కనబడినపుడు ఆఱు మాసములు ఎవరికిని చెప్పక ఊరకుండును. రొయ్యప్రేగునకు గల గౌరవము తన ప్రేగునకు లేదు! మనుష్యుని దేహము రొయ్యవలె పారదర్శకము గాకపోవుట కొంత కారణము. సిగ్గు అంతకంటె పెద్ద కారణము.

మనుష్యుని ప్రేగులు రెండు భాగములు. కడుపునకు దరువాత నున్న చిన్నప్రేగు సుమారు 20 అడుగుల పొడవుగలది. అన్నసారమును రక్తమున కందించుట దాని పని. దాని తరువాతది పెద్దప్రేగు. పొడవున 5 అడుగులు మాత్రమే గాని వెడల్పున హెచ్చు. నీటిని పీల్చి మలమును గట్టిపఱచుట దీని పని. చిన్నది యనుపేరు గలది పొడవున నాలుగింతలుండుట వింతగా దోచును గాని, పేరు వెడల్పునుబట్టి వచ్చినది.

పెద్దప్రేగు లోపలి పొరమీద కొందఱకు చిన్న చిన్న బొడిపెలు పుట్టును. వీనిలో హెచ్చుభాగము ఏమియు చేయవు. కొన్ని మాత్రము మెల్లమెల్లగా, ఇంచుమించు పదేండ్ల కాలమున, రాచపుండుగా, అనగా క్యాన్సరుగా మాఱును. ఈ పదేండ్లే మనకు దొరకిన గడువు. బొడిపెగా నున్నపుడే దానిని కోసివేసినచో ఆ చోట రాచపుండు పుట్టనే పుట్టదు. చిక్కేమనగా, ఆ పదేండ్లును రోగికి నొప్పి యుండదు, జ్వరముండదు, ఆకలి తగ్గదు. 2022 సంవత్సరమున ప్రపంచమందు సుమారు 19 లక్షలమందికి ఈ వ్యాధి క్రొత్తగా బయటపడినట్లును, సుమారు 9 లక్షలమంది దీనివలన మరణించినట్లును అంతర్జాతీయ లెక్కలు చెప్పుచున్నవి. పడమటి దేశములతో బోల్చిన మన దేశమున నిది తక్కువయే. తక్కువయనినను ఏటికి 60 వేలమందికి మించి క్రొత్త రోగులు. అందును ఆలస్యముగా ఆసుపత్రి చేరువారే హెచ్చు.

ప్రేగులను లోపలినుండి చూచుటకు వైద్యులకు చిరకాలమునుండి రెండు దారులు గలవు. నోటిగుండ సన్నని కెమేరా గొట్టమును దింపినచో కడుపును, చిన్నప్రేగు మొదలును గనబడును. ఆసనమార్గమున మఱియొక గొట్టమును ఎక్కించినచో పెద్దప్రేగంతయు, చిన్నప్రేగు చివరను కొంచెమును గనబడును. నడుమనున్న యిన్ని యడుగుల చిన్నప్రేగు చీకటి. ఉప్పుటేటిని సముద్రపు మొగనుండి కొంతదూరము, కొల్లేటి వైపునుండి కొంతదూరము మాత్రము చూచి, నడిమి యిరువది మైళ్లలో పూడిక యెచ్చటనున్నదో చెప్పుమన్నట్లుండెడిది వైద్యుని పని.

ఈ చీకటిని పోగొట్టవలెనను ఆలోచన వైద్యునకుగాక ఇంజనీరునకు గలుగుట విశేషము. గావ్రియేల్ ఇడ్డాన్ అను ఇజ్రాయెలు ఇంజనీరు క్షిపణులకు దారిచూపు కెమేరాల పనిలో నుండినవాడు. 1981లో ఆయన అమెరికాలోని బోస్టను నగరమున నుండగా, ఎయిటాన్ స్కాపా అను ప్రేగుల వైద్యుడు చిన్నప్రేగు లోపల చూడలేకపోవు చిక్కును ఆయనకు చెప్పెను. క్షిపణి ముక్కున నుండు కెమేరాను మాత్రంత చేసి మ్రింగించిననేమి యని ఇంజనీరునకు దోచెను. అప్పటికి అంత చిన్న కెమేరాయు లేదు, అంత కొలది విద్యుత్తుతో పనిచేయు సాధనమును లేదు. అవి యేర్పడుటకు పదునెనిమిదేండ్లు పట్టెను. 1999లో పాల్ స్వెయిన్ అను లండను వైద్యుడు మొదటి మాత్రను తానే మ్రింగి చూపెను. 2000 సంవత్సరమున 'నేచర్' అను ప్రఖ్యాత విజ్ఞానపత్రికలో ఆ సంగతి వెలువడెను. 2001లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ అనుమతి నిచ్చెను.

మాత్ర కొలత చెప్పెదము. పొడవు 26 మిల్లీమీటర్లు, అనగా అంగుళమునకు కొంచెము మించి. లావు 11 మిల్లీమీటర్లు. బరువు 4 గ్రాములకు లోపు. పెద్ద విటమిను గొట్టపుమాత్ర యంత యనుకొనవచ్చును. ముందువైపు గాజువంటి గోపురము, దాని వెనుక చిన్న దీపములు, కటకము, బొమ్మను పట్టు పలక, గడియారములలో వాడు బిళ్లలవంటి బ్యాటరీలు, చివర రేడియో పరికరము. రోగి నడుముచుట్టు లేక పొట్టమీద పట్టీలు గట్టి, దానికొక చిన్న పెట్టెను తగిలింతురు. మాత్ర తాను తీసిన బొమ్మలను రేడియోద్వారా ఆ పెట్టెకు పంపుచుండును. మొదటి మాత్రలు సెకనుకు 2 బొమ్మల చొప్పున, సుమారు 8 గంటలలో 50 వేలకు పైగా బొమ్మలు తీయుచుండెను. మాత్రను త్రోయువాడెవడును లేడు. కాలువలో విడిచిన బెండు ప్రవాహముతో బోవునట్లు, ప్రేగు తన స్వభావసిద్ధమైన కదలికచేతనే దానిని ముందునకు నడుపును. చివరకు మలముతోబాటు వెలుపలికి వచ్చును. దానిని కడిగి తిరిగి వాడుట లేదు. బొమ్మలన్నియు పెట్టెలో నున్నవిగదా. అంత విలువగల వస్తువు మురుగుతొట్టి పాలగుట మన రైతుకు మింగుడుపడని సంగతియే, కాని విధి లేదు.

మన తెలుగుదేశమున ఈ విద్యకు పట్టుకొమ్మ హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ. దానికి అధిపతి డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు; కర్నూలు వైద్యకళాశాలలో చదివినవారు; 2025లో పద్మవిభూషణ బిరుదమందినవారు. ఆయనయు, ఆయన తోటివారును ఈ మాత్రను చాల తొందరగనే మనదేశపు రోగులయందు వాడి చూచిరి. చిన్నప్రేగునకు వచ్చు క్షయ యీ కెమేరాకు ఎట్లు కనబడునో వర్ణించుచు 2003లో 'ఎండోస్కోపీ' యను పత్రికలో ప్రకటించిరి. ఉష్ణదేశమున ఈ మాత్రతో తమకు గలిగిన అనుభవమును 2004లో వేఱొకపత్రికలో వ్రాసిరి.

ఇందులో మనము గమనింపవలసిన సంగతి యొకటి గలదు. యూరపు అమెరికాలలో ఈ మాత్రను చేసినవారికి ప్రేగుక్షయ అంతగా నెఱుకలేని వ్యాధి. మన దేశమున నది సామాన్యము. అట్లే కొంకిపురుగు. చెప్పులు లేక తడినేలమీద నడచువారి అరికాలి చర్మమునుండి దేహమున జొచ్చి, చిన్నప్రేగు గోడను గఱచిపట్టి, దినదినము రక్తమును పీల్చు ఈ పురుగు వలన మనిషి పాలిపోయి, మెట్లెక్కిన నాయాసపడును. రక్తము ఎచ్చట పోవుచున్నదో తెలియని రోగులలో గొట్టములకందని చోట పురుగులు గోడను పట్టుకొని యుండుట ఈ మాత్ర కెమేరాచే ఫోటోలలోనే బయటపడిన సందర్భములు గలవు. అనగా విదేశమున ఒక పనికై పుట్టిన వస్తువు మన దేశమున మన జబ్బులను చూపుచున్నది. కొంకిపురుగునకు మందు చవుకయైన ఆల్బెండజోలు మాత్ర. దానికొఱకు కెమేరా మ్రింగనవసరము లేదనుట వేఱుగ చెప్పనక్కఱలేదు. మలపరీక్షలో దాని గ్రుడ్లు కనబడును.

పైని చెప్పినది చిన్నప్రేగునకైన మాత్ర. మన సభ్యులు విన్నది పెద్దప్రేగు మాత్రను గూర్చి. ఇది 2006లో మొదట వెలువడి, 2009లో బాగుపడి మఱల వచ్చినది. పెద్దప్రేగు వెడల్పైనదిగాన ఒక కన్ను చాలదు; మాత్ర యటునిటు దొరలును. కావున దీనికి రెండు కొసలను రెండు కెమేరాలమర్చిరి. మాత్ర నిలిచియున్నపుడు సెకనుకు 4 బొమ్మలును, వేగముగా జాఱునపుడు 35 వఱకును తీయును. కరోనా దినములలో ఆసుపత్రులు క్రిక్కిఱిసియుండగా, ఇంగ్లండు ప్రభుత్వ వైద్యశాఖవారు 2021 మార్చిలో 11 వేలమంది రోగులకు దీనిని ఇచ్చి చూతుమని ప్రకటించిరి. రోగి మాత్రను మ్రింగి, పెట్టెను నడుమునకు దగిలించుకొని, తన యింట తన పనులు చూచుకొనవచ్చును. స్కాట్లండులో కొండలనడుమను దీవులయందును నివసించువారు ఆసుపత్రికి పోవు ప్రయాస తప్పుటకై ఇట్టి పరీక్షనే యేర్పఱచిరి. ఆ సంవత్సరమే అమెరికాలో చిన్నప్రేగు మాత్రను తపాలాలో నింటికి దెప్పించుకొని, వీడియోలో ఆసుపత్రివారు చూచుచుండగా మ్రింగుటకు అనుమతి వచ్చినది. ఇంటివద్ద పరీక్ష యను మాట ఇట్లు పుట్టినది.

కాని "మ్రింగి కూర్చున్న చాలును" అనుట సగము సత్యము. మిగిలిన సగము విరేచనము. పెద్దప్రేగున మలముండగా కెమేరాకు మలమే కనబడును. గుఱ్ఱపుడెక్క క్రమ్మిన మురుగుకాలువలో అడుగున నేమున్నదో లస్కరు చెప్పలేడు గదా! గొట్టపు పరీక్షకైనచో డాక్టరు అక్కడక్కడ నీరు చిమ్మి, మలినమును పీల్చి, శుభ్రముచేసికొనుచు పోగలడు. మాత్రకు చేతులు లేవు. కావున గొట్టమునకంటె మాత్రకే ప్రేగు హెచ్చు శుభ్రముగా నుండవలయును. ముందటిదినము అన్నము మాని, మజ్జిగకూడ కాక, వడగట్టిన ద్రవములమీద నుండి, సుమారు 4 లీటర్ల విరేచనపు నీటిని రెండు విడతలుగా త్రాగవలయును. మాత్ర మ్రింగిన పిదపను దానిని ముందునకు దోలుటకై మఱల మందు త్రాగింతురు. బ్యాటరీ తీఱులోపల మాత్ర చివర చేరవలయుగదా.

ఇచ్చట మా సందేహమును దాచుకొనము. మన యూళ్లలో నేడు చాల యిండ్లయందు వృద్ధదంపతులిద్దఱే యున్నారు. బిడ్డలు విదేశములలోనో, హైదరాబాదులోనో యుందురు. ఇంటివద్ద పరీక్ష యన్నపుడు, 70 ఏండ్ల ముసలివాడు రాత్రియంతయు పదిమార్లు దొడ్డికి బోయి, తల తిరిగి పడినచో పట్టుకొనువారెవరు? మధుమేహమునకు మందు వేసికొనువాడు అన్నము మానిన దినమున మందెంత వేసికొనవలయును? మూత్రపిండముల జబ్బుగలవారికి కొన్ని ఫాస్ఫేటు విరేచనౌషధములు ప్రమాదకరములు. గుండెజబ్బువారును హెచ్చరికగా నుండవలయును. వైశాఖపు టెండలలో నింత నీరు దేహమునుండి పోగొట్టుకొనుట అసలే తగదు. బిడ్డలు పెట్టె కొని పంపినంతమాత్రమున చాలదు; ఆ రెండు దినములు మనిషి తోడు కావలయును. రాత్రి చెఱువు కాపలాకు పోవువాడు ఆ పనిని వేఱొకరి కప్పగింపవలయును.

ఇక మాత్ర చేయలేని పని. అది చూచును, తాకలేదు. బొడిపె కనబడినచో దానిని కోయుటకుగాని, చిన్నముక్క తీసి పరీక్షకు పంపుటకుగాని దానికి శక్తి లేదు. అప్పుడు గొట్టమే గతి. మఱల విరేచనము, మఱల ఖర్చు. గొట్టపు పరీక్షలో చూచినవెంటనే, అదే పూట, అదే బల్లమీద బొడిపెను తీసివేయుదురు. మాత్ర మ్రింగినవారిలో పెక్కుమంది చివరకు గొట్టపు పరీక్షకు పోవలసివచ్చుట విదేశములందు దీనిని ప్రయత్నించినవారందఱకు ననుభవమే. కన్నుకూడ పరిపూర్ణము కాదు. 2015లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, 6 మిల్లీమీటర్లు గాని అంతకు మించిగాని గల బొడిపెలున్న 100 మందిలో 81 మందిని మాత్ర పట్టుకొనెను. 19 మందిని విడిచెను. అమెరికా ప్రభుత్వమువారు 2014లో దీనికి అనుమతి నిచ్చినపుడును, గొట్టము పూర్తిగా పోలేని రోగులకొఱకే మొదట నిచ్చిరి. మా యభిప్రాయమున నదియే దీని సరియైన స్థానము: గొట్టము పోనివారికి, మత్తుమందు పడనివారికి, సిగ్గుచేతనో భయముచేతనో గొట్టమునకు ఎంతచెప్పినను ఒప్పుకొననివారికి. ఒప్పుకొనని స్త్రీలు మన యిండ్లలో లేకపోలేదు. అట్టివారికి అసలు పరీక్ష లేకుండుటకంటె ఈ పరీక్ష మేలు.

ప్రమాదమొకటి చెప్పవలసియున్నది. ప్రేగునందెచ్చటనైన ఇఱుకు ఏర్పడియున్నచో మాత్ర అచ్చట చిక్కుకొనును. సామాన్యముగా నిట్లగుట నూటికి ఒకరిద్దఱకు మించదు. కాని ప్రేగుక్షయ వచ్చి మానినవారికి, పొట్టకోసి శస్త్రచికిత్స జరిగినవారికి, తిన్నవెంటనే పొట్టయుబ్బి మెలిపెట్టు నొప్పి వచ్చువారికి ఈ భయము హెచ్చు. క్షయ హెచ్చుగానున్న దేశమున ఇది చిన్న మాట గాదు. చిక్కుకొన్న మాత్రను గొట్టముతోనో కత్తితోనో తీయవలసివచ్చును. అనుమానమున్నచోట డాక్టర్లు ముందుగా కరగిపోవు ఉత్తమాత్రను మ్రింగించి దారి సరిగానున్నదో లేదో చూతురు. మాత్ర వెలుపలికి వచ్చువఱకు ఎమ్మారై యంత్రము దరికి పోరాదు. ఆ యంత్రపు అయస్కాంతశక్తి మిక్కిలి గొప్పది. ఈ కారణములచేత డాక్టరు పరీక్షింపక, అంగడిలోనో విదేశమునుండియో దెచ్చి మ్రింగదగిన వస్తువు కాదిది.

ఇప్పుడు మొదటి మెట్టు. మలములో కంటికి కనబడని నెత్తురును కనుగొను పరీక్ష యొకటి గలదు. దీనిని ఫిట్ పరీక్ష యందురు. ఇదియే నిజమైన యింటిపరీక్ష. చిన్న బుడ్డి, దాని మూతకు గ్రుచ్చియున్న పుల్ల. మలమును నాలుగైదు చోట్ల పుల్లతో గీఱి, బుడ్డిలో ముంచి, మూతబిగించి లాబున కిచ్చుట. విరేచనము లేదు, ఉపవాసము లేదు, మత్తు లేదు. స్కాట్లండులో 2017 నుండియు, ఇంగ్లండులో 2019 నుండియు ఈ బుడ్డినే తపాలాలో నింటింటికి బంపుచున్నారు. పూర్వపు మలపరీక్షలలో మాంసము తినినవానికి ఆ మాంసపు రక్తమే కనబడి తప్పు ఫలితము వచ్చుటయు గలదు. ఈ ఫిట్ పరీక్ష మనుష్యరక్తమునే పట్టును. కావున చేపలు, రొయ్యలు, వేటమాంసము లేని యాదివారమెఱుగని మన కొల్లేటి వారికి ఇది మిక్కిలి యనుకూలము.

దీనికిని లోపములు లేకపోలేదు. ఒక్కమారు చేసినచో రాచపుండు గల 100 మందిలో సుమారు 80 మందిని పట్టును. నెత్తురు కార్చని చిన్న బొడిపెలను హెచ్చుగా విడిచిపెట్టును. అందుచేతనే ఏటేటనో రెండేండ్లకొకమారో మఱల చేయుదురు. నెత్తురున్నదని వచ్చినంతమాత్రమున రాచపుండని బెదరరాదు. అట్లు వచ్చినవారిలో హెచ్చుమందికి రాచపుండుండదు. కాని అప్పుడు గొట్టపు పరీక్షకు తప్పక పోవలయును. "మఱియొకమారు ఫిట్ చేయించి చూతము, లేదని వచ్చునేమో" అనువారున్నారు. అది వర్షము కొలుచు గిన్నెను బోర్లించి వానలేదనుట వంటిది.

మఱియు ఫిట్ పరీక్ష ఏ బాధయు లేనివారికొఱకు. కంటికి నెత్తురు కనబడుచున్నవారు, కొన్ని వారములుగా మలవిసర్జన వాడుక మాఱినవారు, కారణము లేక బరువు తగ్గినవారు, రక్తహీనత గల మగవారు, ముట్లుడిగిన స్త్రీలలో రక్తహీనత గలవారు బుడ్డికొఱకు చూడక నేరుగా డాక్టరువద్దకు బోవలయును. తల్లికో తండ్రికో తోబుట్టువునకో ఈ వ్యాధి వచ్చినవారును అట్లే.

మన ప్రాంతమున నెత్తురు కనబడగనే మొలలని పేరుపెట్టుట దురాచారమైపోయినది. సంతవీధులలోను బస్సునిలుచు చోట్లను మొలల వైద్యమునకు బోర్డులు వ్రేలాడని యూరు లేదు. ఒక సూదితో, ఒక పొట్లముతో మానునని చెప్పుదురు. నెత్తురునకు మొలలే కారణమగుట హెచ్చుపాళ్లు నిజమే. కావుననే యీ మోసము నిలుచుచున్నది. కాని మొలలున్నవానికి రాచపుండు రాదని ఎచ్చటను లేదు. రెండును ఒకే మనిషియందుండవచ్చును. పురీషనాళమున, వ్రేలితో చూచినను తగులునంత దిగువనున్న పుండుగూడ మాసముల తరబడి మొలల మందుతో గడపబడుచున్నది. వ్రేలిపరీక్షకు ఒక నిమిషము పట్టును. దానికి కెమేరా అక్కఱలేదు, కరెంటు అక్కఱలేదు. ఎవరైనను పరీక్షింపకయే మొలలని చెప్పి మందిచ్చినచో, ఆ మందు తీసికొనక లేచి రావలయునని మేము నిర్మొగమాటముగా చెప్పుచున్నాము.

సొమ్ము సంగతి. మాత్ర కెమేరా పరీక్షకు మనదేశమున పదుల వేల రూపాయలగును; హైదరాబాదువంటి పెద్ద నగరముల ఆసుపత్రులలో ముఖ్యముగా చిన్నప్రేగు జబ్బులకొఱకే చేయుచున్నారు. గొట్టపు పరీక్షకు కొన్ని వేలు. దీనికి అంతదూరము పోనక్కఱలేదు, ఏలూరు, భీమవరము, విజయవాడలయందు ప్రేగుల వైద్యులున్నారు. ఏలూరులో 2023 నుండి ప్రభుత్వ వైద్యకళాశాలయు నున్నది. ఫిట్ పరీక్ష కొన్ని వందలతో తీఱును. ప్రభుత్వమువారు 30 ఏండ్లు దాటినవారికి చేయు క్యాన్సరు పరీక్షలు నోటికి, రొమ్మునకు, గర్భాశయ ముఖమునకు మాత్రమే. పెద్దప్రేగు అందు చేరలేదు. కావున ఆరోగ్యకార్యకర్త యింటికి వచ్చి పరీక్షించి పోయినదిగదా యని ప్రేగువిషయమున నిశ్చింతగా నుండరాదు. వ్యాధి నిర్ధారణమైన పిదప శస్త్రచికిత్సకును మందులకును ఎన్.టి.ఆర్. వైద్యసేవ క్రింద అర్హులకు సాయము గలదు. ఏయే పరీక్షలకు వర్తించునో ఆసుపత్రిలోని ఆ పథకపు సిబ్బందిని ముందుగా అడిగి తెలిసికొనవలయును.

సంఘములకొక సూచన. ఎరువులు, విత్తనములు ఒక్కమారుగా తెప్పించి చవుకగా పంచుకొనుట మనకలవాటైన పనియే. 50 ఏండ్లు నిండిన సభ్యులు, వారి భార్యలు కలిసి నూఱుమందియైనచో, ఫిట్ బుడ్డీలనుగూడ అట్లే లాబువారితో ధర మాటలాడి తెప్పించుట అసాధ్యము కాదు. ఫలితమును మాత్రము లాబువారు ఎవరిది వారికే మూసిన కవరులో నీయవలయును. సంఘపు గుమాస్తా చేతిమీదుగా పోరాదు. సిగ్గుపడువారు ముందునకు వచ్చుటకు ఈ యొక్క నియమము చాల ముఖ్యము. నెత్తురున్నదని వచ్చినవారు పోదగిన డాక్టరును ముందుగానే కుదుర్చుకొననిదే బుడ్డీలు పంచుట వ్యర్థము.

డాక్టరువద్దకు పోవువారు కొన్ని సంగతులు తప్పక చెప్పవలయును. పూర్వము క్షయకు మందు వాడిరా, పొట్టకు ఆపరేషను జరిగెనా, గుండెకు పేస్‌మేకరు గలదా, మాత్రలు మ్రింగునపుడు గొంతున నిలుచునా యనునవి. రక్తమునకు బలమని ఐరను మాత్రలు వాడువారు కెమేరా పరీక్షకు కొన్నిదినములు ముందుగా వానిని ఆపవలసియుండును, ఏలయన నవి మలమును నల్లచేసి ప్రేగుగోడ కంటుకొనును. గుండెజబ్బునకు రక్తము పలుచబఱచు మందులు వాడువారు మాత్రము తమంతట తాము ఆపక డాక్టరు చెప్పినట్లే చేయవలయును. మందుల పేర్లు నోటికి రానివారు ఆ మాత్రల అట్టలనే సంచిలో వేసికొని పోవచ్చును.